‘గొన్నా’, ‘బ్యాంగ్’, ‘హమ్మ్’: ఇంగ్లీషు రాతలో ఇలాంటి మాటలు వాడొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషులో కథలు, వంటల పోస్టులు, ఆఫీసు మెయిళ్ళు రాసుకునే తెలుగువాళ్ళ రాతలు దిద్దిపెట్టడం నా పని. మనుషులు మారతారు గానీ సందేహాలు మాత్రం అవే వస్తుంటాయి. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడిగా జవాబు కొట్టి కొట్టి వేళ్ళు అరిగాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న వెతుక్కుని చదువుకుంటే చాలు. ఇంగ్లీషు మాటలు కూడా తెలుగు లిపిలోనే రాశాను. స్పెల్లింగుతో పని పడ్డ చోట అక్షరాలు విడివిడిగా చెప్పాను.

## రాయడం మొదలుపెట్టే ముందు

నాన్‌స్టాండర్డ్ అంటే మర్యాదగా ‘తప్పు’ అనడమే కదా?

కాదు, రెండూ వేరు. ‘కుడ్ హ్యావ్’ని కలిపి పలికితే చివర ‘ఆవ్’ అని వినిపిస్తుంది. దాన్ని ‘కుడ్ ఆఫ్’ అని ఓ-ఎఫ్ పెట్టి రాస్తే అది తప్పు. రాసినవాడికి తెలియక జరిగింది. ‘గోయింగ్ టు’ని ‘గొన్నా’ అని రాస్తే అది నాన్‌స్టాండర్డ్. లండన్‌లో, చికాగోలో చదువుకున్నవాళ్ళు కూడా రోజంతా అలాగే అంటారు. కాకపోతే పాఠ్యపుస్తకంలో, కోర్టు కాగితంలో అలా రాయరు.

మన దగ్గరా ఇంతే. శ్రీకాకుళంలో ‘ఎల్లిపోనాడు’ అన్నా, వరంగల్‌లో ‘పోయిండు’ అన్నా ఆ మనిషికి తెలుగు రాదని ఎవరూ అనరు. పేపర్లో వార్త రాసేటప్పుడు మాత్రం ‘వెళ్ళిపోయాడు’ అని రాస్తారు.

డిక్షనరీలో ఉంది కాబట్టి వాడేయొచ్చు కదా?

డిక్షనరీ జనాభా లెక్కలకు వచ్చిన ఉద్యోగి లాంటిది. ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకుని పోతుంది. ఎవరు బుద్ధిమంతులో చెప్పదు. ‘ఇర్రిగార్డ్‌లెస్’ (‘రిగార్డ్‌లెస్’ అనడానికే) అనే మాట మెరియమ్ వెబ్‌స్టర్ అనే అమెరికా డిక్షనరీలో ఉంది, పక్కనే ‘నాన్‌స్టాండర్డ్’ అనే ముద్రా ఉంది. చాలామంది మాటను చూస్తారు, ముద్రను చూడరు.

ఈ గొడవ కొత్తదేం కాదు. 1961లో అదే సంస్థ పెద్ద నిఘంటువు మూడో కూర్పు తెచ్చినప్పుడు ‘ఎయింట్’ (‘యామ్ నాట్’, ‘ఈజ్ నాట్’లకు బదులు వాడేది) అనే మాటను తగినంతగా తిట్టలేదని అమెరికా పత్రికలు విరుచుకుపడ్డాయి. భాష పాడైపోతోందన్నారు. అరవై ఏళ్ళు దాటినా ‘ఎయింట్’ బతికే ఉంది, ఉద్యోగానికి పెట్టే అప్లికేషన్‌లో రాయకూడని మాటగానూ ఉంది.

కాబట్టి మాట దొరికిందా లేదా అన్నదానితో పాటు పక్కనున్న ముద్ర కూడా చూడండి. ‘ఇన్‌ఫార్మల్’, ‘స్లాంగ్’, ‘డయలెక్ట్’, ‘నాన్‌స్టాండర్డ్’ నాలుగూ ఒకటి కాదు. ‘ఇన్‌ఫార్మల్’ అని ఉన్నది స్నేహితుడికి రాసే మెయిల్‌లో హాయిగా వాడొచ్చు.

ఇవాళ్టి తప్పు రేపటి ఒప్పు అవుతుందంటారు, నిజమా?

ఒక్కోసారి అవుతుంది, ఎన్నోసార్లు అవదు. ‘ఓకే’ కథ చూడండి. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పేపర్లో అది తొలిసారి అచ్చయింది. ‘ఆల్ కరెక్ట్’ అనే మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, ఆ తప్పు అక్షరాలతో పొడి మాట చేశారు. ఆ రోజుల్లో అలాంటి జోకులు ఒక ఫ్యాషన్. తోటి జోకులన్నీ పోయాయి, ఇదొక్కటి ప్రపంచమంతా పాకింది. మన ఊళ్ళో గేదెలు తోలుకెళ్ళే తాత కూడా ‘ఓకే’ అంటాడు.

దీనికి ఎదురు కథ ‘త్రూ’ది. టి-హెచ్-ఆర్-యు అని పొట్టిగా రాయాలని 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఉత్తర్వే ఇచ్చాడు, అలాంటివి మూడొందల మాటల జాబితాతో. అక్కడి చట్టసభ కాంగ్రెస్ ఒప్పుకోలేదు. చికాగో ట్రిబ్యూన్ అనే పత్రిక 1934లో తన సొంత పొట్టి స్పెల్లింగులు మొదలుపెట్టి, దశాబ్దాలు లాగి, 1975లో వదిలేసింది. ఇప్పుడా ‘త్రూ’ రోడ్డు పక్క బోర్డుల మీద, కారు దిగకుండా బర్గర్ కొనుక్కునే చోట మిగిలింది. అధ్యక్షుడు చెప్పినా జనం వినలేదంటే, మన ఒక్క వ్యాసం కోసం స్పెల్లింగు మారదు.

ఆనమాటోపియా అంటే ఏమిటి? అసలు ఎలా పలకాలి?

చప్పుడును అనుకరిస్తూ పుట్టిన మాట. తెలుగులో ధ్వన్యనుకరణ అంటాం. గ్రీకులో ‘పేరు చేయడం’ అని అర్థం. పలికేటప్పుడు బరువు ‘పీ’ మీద పడాలి: ఆన-మాట-పీయ. మధ్యలో మన ‘మాట’ కూర్చుని ఉందని గుర్తుపెట్టుకోండి, ఇక మర్చిపోరు.

మన కుక్క భౌభౌ అంటే వాళ్ళ కుక్క ‘వూఫ్’ అంటుందేంటి?

కుక్క ఒకటే, వినే చెవులు వేరు. ప్రతి భాషా తన దగ్గరున్న అక్షరాల్లోనే చప్పుడును పట్టుకుంటుంది. మన ఆవు ‘అంబా’ అంటే వాళ్ళది ‘మూ’ అంటుంది. మన కోడి ‘కొక్కొరోకో’ అంటే వాళ్ళది ‘కాక్-ఎ-డూడుల్-డూ’. కప్ప బెకబెకలకు ‘క్రోక్’, అమెరికాలో అయితే ‘రిబిట్’. కాకి, పిల్లి మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకేలా అరుస్తాయి.

నేను పాటించే పద్ధతి ఇది: కథ చెప్పే గొంతు ఇంగ్లీషుదైతే జంతువులూ ఇంగ్లీషులోనే అరవాలి. కానీ కథలో బామ్మ మనవడికి కోడిని అనుకరించి చూపిస్తుంటే అక్కడ ‘కొక్కొరోకో’ ఉంచాల్సిందే. బామ్మ నోట ‘డూడుల్-డూ’ వినలేం.

మనుషులు చేసే ఒక చప్పుడు మాత్రం దేశాలు దాటినా పెద్దగా మారదట. సరిగ్గా వినపడనప్పుడు మనం ‘ఆఁ?’ అంటామే, అది. ఇంగ్లీషు ‘హ్’కి సాటి వచ్చేది ఎన్నో భాషల్లో ఉందని 2013లో ఒక పరిశోధన వచ్చింది. దానికి 2015లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు.

## చప్పుళ్ళు రాసేటప్పుడు

‘వాన టపటపా పడింది’ అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలి? ‘టప్ టప్’ అని పెట్టొచ్చా?

నా దగ్గరికి వచ్చే కథల్లో ఎక్కువసార్లు దిద్దేది ఇదే. తెలుగులో చప్పుడు ఒకచోట, క్రియ ఒకచోట ఉంటాయి. టపటపా పడింది, గలగలా నవ్వింది, గడగడా తాగాడు, బడబడా వాగాడు. క్రియ మామూలుదే, దాని ముందు చప్పుడును జంటగా పెడతాం. ఇంగ్లీషు ఆ చప్పుడును క్రియ లోపలే మింగేసుకుంటుంది. కాబట్టి ‘టపటపా’కి సమానమైన మాట వెతకొద్దు, ‘పడింది’ని మార్చండి.

మొన్న ఒక అమ్మాయి కథలో ఈ వాక్యం ఉంది: ‘ది రెయిన్ వాజ్ ఫాలింగ్ టప్ టప్ ఆన్ ది షీట్స్’. చదివేవాడికి రెండు ఇబ్బందులు. ‘షీట్స్’ అంటే వాడికి దుప్పట్లు గుర్తొస్తాయి. ‘టప్’ అంటే ఏమీ గుర్తురాదు. అది ఏ వాన అని ఆమెను అడిగాను. ‘మా పాత ఇంటి రేకుల మీద సార్, ఫోన్లో మాట కూడా వినపడదు’ అంది. అలాగైతే ‘రెయిన్ డ్రమ్డ్ ఆన్ ది టిన్ రూఫ్’. నాలుగు చినుకులే అయితే ‘ప్యాటర్డ్’. గాలివానైతే ‘ల్యాష్డ్’. వాన వెలిశాక చూరు నుంచి ఒక్కొక్క బొట్టే రాలుతుంటే ‘డ్రిప్డ్’. తెలుగులో అన్నిటికీ ‘పడింది’తో సరిపెట్టుకుని ముందు మాట మారుస్తాం, ఇంగ్లీషులో అసలు మాటే మారాలి.

అదే లెక్కన, గలగలా నవ్వడానికి ‘లాఫ్డ్’ పక్కన ఏమీ వద్దు. కిసుక్కున నవ్వితే ‘గిగుల్’, లోలోపల నవ్వుకుంటే ‘చకుల్’, పకపకా నవ్వితే ‘గఫా’, వెకిలిగా నవ్వితే ‘స్నిగర్’. గడగడా తాగితే ‘గల్ప్’ లేదా ‘గజుల్’. ఎండుటాకులు గలగలమంటే ‘రసుల్’, గాజులు గలగలమంటే ‘జింగుల్’. మన ‘గలగల’ ఒక్కటే నవ్వుకీ ఆకులకీ గాజులకీ సరిపోతుంది, ఇంగ్లీషులో మూడు చోట్లా మూడు మాటలు కావాలి.

వంటల పోస్టు రాస్తున్నాను. ‘ఆవాలు చిటపటలాడాక’, ‘చుయ్‌మన్నాక’ ఎలా రాయాలి?

వంటలో చప్పుడు అలంకారం కోసం రాసేది కాదు, అదే టైమర్. కాబట్టి సరైన మాట పడాలి. ఆవాలకు భారతీయ వంటల ఇంగ్లీషులో ‘స్ప్లటర్’ స్థిరపడిపోయింది: ‘వెన్ ది మస్టర్డ్ సీడ్స్ స్ప్లటర్’. బయటి దేశాల పాఠకులకు ‘పాప్’ అన్నా వెంటనే అర్థమవుతుంది. కరివేపాకు వేయగానే వచ్చేది ‘క్రాకిల్’. పెనం కాలిందో లేదో చూడ్డానికి నీళ్ళు చిలకరిస్తే వచ్చే చుయ్ ‘హిస్’. నూనెలో ఉల్లిపాయలు వేగుతూ చేసేది ‘సిజిల్’. పప్పు కుతకుతా ఉడికితే ‘బబుల్’, మంట తగ్గించి సన్నగా ఉడకనిస్తే ‘సిమర్’.

కుక్కర్ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘కుక్ ఫర్ త్రీ విజిల్స్’ అని రాస్తే హైదరాబాద్‌లో అందరికీ తెలుసు, అమెరికాలోని మిన్నెసోటాలో ఉన్నవాడికి తెలియకపోవచ్చు. అక్కడి కుక్కర్లు చాలావరకు కూతవేయవు. విజిల్స్ ఉంచండి, పక్కనే నిమిషాలు కూడా చెప్పండి.

తళతళ, మిలమిల, గజగజ... వీటికి అసలు చప్పుడే లేదు. వీటినేం చేయాలి?

మంచి ప్రశ్న. ఇవి చెవికి సంబంధించినవి కావు, కంటికీ ఒంటికీ సంబంధించినవి. ఇలాంటి జంట మాటలు మన దేశంలో ద్రావిడ భాషల్లోనూ ఉత్తరాది భాషల్లోనూ కూడా విరివిగా ఉన్నాయని, ఇది ఈ నేల మొత్తానికి ఉన్న లక్షణమని ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1969లో వివరంగా రాశారు. అంటే మీ తెలుగు మనసు వీటిని వెతుక్కోవడం సహజమే.

ఇంగ్లీషులో ఇలాంటి జంటలు తక్కువే గానీ, మాట మొదట్లో ఉండే రెండు హల్లులు కొంత ఆ పని చేస్తాయి. జి-ఎల్‌తో మొదలయ్యేవి చూడండి: గ్లిటర్, గ్లీమ్, గ్లో, గ్లింట్. అన్నీ వెలుగే. ఎస్-ఎన్‌తో మొదలయ్యేవి ముక్కు చుట్టూ తిరుగుతాయి: స్నీజ్, స్నోర్, స్నిఫ్, స్నార్ట్. ఈ సంగతికి 1930లో ఫర్త్ అనే ఇంగ్లీషు పండితుడు ‘ఫోనెస్థీమ్’ అని పేరు పెట్టాడు. కాబట్టి కడిగిన ఇత్తడి బిందె తళతళలాడితే ‘గ్లీమ్డ్’, చీర జరీ మిలమిలలాడితే ‘గ్లిటర్డ్’, చీకట్లో కత్తి అంచు తళుక్కుమంటే ‘గ్లింటెడ్’.

గజగజా వణికితే ‘షివర్డ్’తో సరిపెట్టొచ్చు. పంటికి చల్లనీళ్ళు తగిలి జివ్వుమనడం మాత్రం నాకు ఇప్పటికీ లొంగలేదు. ‘ట్వింజ్’ అని రాస్తాను, తృప్తి ఉండదు.

ఏదో పడింది. ‘బ్యాంగ్’ రాయాలా, ‘థడ్’ రాయాలా, ‘క్రాష్’ రాయాలా?

ఏం పడిందో, దేని మీద పడిందో చూసుకోండి. బియ్యం బస్తా నేల మీద పడితే ‘థడ్’, అది బరువైన మొద్దు చప్పుడు. తలుపు విసురుగా మూసుకుంటే ‘స్లామ్’ లేదా ‘బ్యాంగ్’. పగిలితే ‘క్రాష్’. పిల్లి అటక మీద నుంచి దూకి స్టీలు గిన్నెల స్టాండు పడేస్తే ‘క్లాటర్’, ఎందుకంటే అక్కడ గట్టి వస్తువులు చాలా ఒకదానికొకటి తగులుతున్నాయి. ఒకే పెద్ద ఇత్తడి మూత పడితే ‘క్లాంగ్’. రెండు గ్లాసులు మెల్లగా తగిలితే ‘క్లింక్’. ఎండుపుల్ల విరిగితే ‘స్నాప్’. దూరంగా పేలితే ‘బూమ్’.

ఒక పేరాలో ఎన్ని చప్పుళ్ళు పెట్టొచ్చు?

ఒకటి. రెండోది పెట్టాలనిపిస్తే మొదటిది తీసేయండి. పిల్లల కథైతే ఈ లెక్క పక్కన పెట్టండి, వాళ్ళకు ఎన్ని ఉన్నా చాలవు.

చప్పుడు మాటను ఇటాలిక్స్‌లో పెట్టాలా, పెద్ద అక్షరాల్లో పెట్టాలా?

‘ది డోర్ బ్యాంగ్డ్’ అని క్రియగా వాడితే ఏమీ అక్కర్లేదు, మామూలు అక్షరాలే. చప్పుడు ఒక్కటే విడిగా నిలబడితే చాలామంది ఇటాలిక్స్‌లో పెడతారు. కోట్స్ మధ్య పెట్టకండి, ఎవరో అన్నట్టు ఉంటుంది. అన్నీ క్యాపిటల్స్‌లో రాయడం కామిక్స్‌కి నప్పుతుంది, కథలో అరుపులా ఉంటుంది. ఆశ్చర్యార్థకం ఒక్కటి చాలు.

‘నోఓఓఓ’లో ఎన్ని ఓలు ఉండాలి? ‘స్టాప్‌ప్‌ప్’ అని రాయొచ్చా?

నోటితో సాగదీయగలిగిన అక్షరాన్నే కాగితం మీద సాగదీయండి. అచ్చులు సాగుతాయి. ఎస్, ఎం, ఆర్, జెడ్ కూడా సాగుతాయి, అందుకే ‘యెస్స్స్’ నోటితో అనగలం. పి, టి, కె, బి, డి, జి సాగవు. ‘స్టాప్’ చివర నాలుగు పీలు పెడితే అది చాటింగ్‌లో చెల్లుతుంది గానీ పలకడం ఎవరివల్లా కాదు. లెక్క అంటారా, మూడు నాలుగు అక్షరాలు దాటితే చదివేవాడు లెక్కపెట్టడం మొదలుపెడతాడు. ‘హమ్మ్’లో రెండు ఎమ్‌లు ఉంటే ఆలోచన. నాలుగుంటే అనుమానం. ఇది నా సొంత కొలత, ఏ పుస్తకంలోనూ లేదు.

## మాటలు, సంభాషణలు

‘గొన్నా’, ‘వాన్నా’ ఎక్కడ పడితే అక్కడ పెట్టొచ్చా?

వాటికీ వ్యాకరణం ఉంది. ‘గొన్నా’ తర్వాత క్రియే రావాలి: ‘అయామ్ గొన్నా స్లీప్’. ఊరు, బడి, ఆఫీసు రాకూడదు. ‘అయామ్ గొన్నా స్కూల్’ అని ఏ దేశంలోనూ ఎవరూ అనరు. ‘వాన్నా’ అంటే ‘వాంట్ టు’, కాబట్టి ‘ఐ వాన్నా గో’ బాగుంటుంది, ‘షీ వాన్నా గో’ చెవికి గుచ్చుకుంటుంది. అక్కడ ‘వాంట్స్ టు’ అనాలి. నాన్‌స్టాండర్డ్ మాటను తప్పుగా వాడితే రెండు విధాలా దెబ్బ.

ఇవి పాత్ర నోట్లో ఉంటేనే అందం. కథ చెప్పే గొంతు మామూలు ఇంగ్లీషులో నడుస్తూ ఉన్నట్టుండి ఒక్క చోట ‘గొన్నా’ అంటే అది పొరపాటులా కనిపిస్తుంది.

‘అ-హ’ అంటే అవునా, కాదా?

దీనితో నేను స్వయంగా దెబ్బతిన్నాను. మనకు ‘ఊఁ’ అంటే అవును, ‘ఊహూఁ’ అంటే కాదు. ఇంగ్లీషులో యు-హెచ్, హైఫన్, హెచ్-యు-హెచ్ అని రాస్తే అవును. యు-హెచ్, హైఫన్, యు-హెచ్ అని రాస్తే కాదు. మధ్యలో ‘హ’ ఉన్నది మనకు ‘కాదు’, వాళ్ళకు ‘అవును’. సరిగ్గా తలకిందులు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అమెరికా క్లయింటు ఒకాయన చాట్‌లో ‘రిలీజ్ ఆపమంటారా?’ అని అడిగాడు. రాత్రి పదకొండు. మనసులో ‘ఊహూఁ’ అనుకుని హెచ్ ఉన్నది కొట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి రిలీజ్ ఆగిపోయి ఉంది, మా మేనేజర్ నుంచి ఆరు మిస్డ్ కాల్స్. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి పని చాట్‌లో ‘యెస్’, ‘నో’ తప్ప ఇంకేం కొట్టను. కథల్లో వాడుకోండి, నిర్ణయాలు ఆధారపడే చోట వద్దు. ఇంకో చుట్టం ‘అ-ఓ’ ఉంది, అది ‘అమ్మో, ఏదో తేడా వచ్చింది’ అనడం.

బ్రిటిష్ నవలల్లో ‘ఎర్’, ‘ఎర్మ్’ అని ఉంటుంది. మధ్యలో ఆ ‘ర్’ ఏంటి?

అక్కడ ర్ లేదు. ఇంగ్లండులో చాలామంది మాట చివరి ఆర్‌ని పలకరు, ఆ అక్షరం ముందున్న అచ్చును సాగదీయడానికే ఉంటుంది. కాబట్టి ఇ-ఆర్ అని రాసింది ‘అ...’ అనే నీళ్ళు నమిలే చప్పుడే. అమెరికావాళ్ళు అదే చప్పుడును యు-హెచ్ అనీ యు-ఎం అనీ రాస్తారు. మీ పాత్ర లీడ్స్‌లో ఉంటే మొదటిది, డాలస్‌లో ఉంటే రెండోది.

నాలుకతో చేసే ‘చ్చ్చ్’ని ఎలా రాయాలి?

టి-ఎస్-కె అని రెండుసార్లు రాస్తారు, బ్రిటిష్ రాతలో ‘టట్-టట్’. చప్పుడు ఒకటే గానీ భావం కొంచెం జరుగుతుంది. మన చ్చ్చ్‌లో జాలి ఎక్కువ, ‘అయ్యో పాపం’ అన్నట్టు. వాళ్ళది ఎక్కువగా మందలింపు. పరామర్శకు వచ్చిన పెద్దమ్మ చేత ‘టట్-టట్’ అనిపిస్తే ఆమె చనిపోయినవాణ్ణి తప్పుపడుతున్నట్టు ఉంటుంది. అక్కడ ‘షీ క్లిక్డ్ హర్ టంగ్ ఇన్ పిటీ’ అని విడమరిచి చెప్పడమే మేలు.

కథలో పల్లెటూరి రైతు మాట్లాడుతున్నాడు. చదువుకోలేదని తెలియాలంటే ముక్కలు ముక్కలు ఇంగ్లీషు రాయాలా?

దయచేసి వద్దు. ఆ రైతు తెలుగులో మాట్లాడుతున్నాడు. తెలుగులో అతను మీకన్నా నాకన్నా బాగా మాట్లాడతాడు. అతని ధారాళమైన తెలుగును విరిగిన ఇంగ్లీషులోకి మార్చితే లేని లోపం అంటగట్టినట్టే. అతను నిజంగానే ఏ టూరిస్టుతోనో వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడుతుంటే, అప్పుడు ఆ ముక్కలు రాయండి.

ఇంకో అలవాటు కూడా ఉంది. ‘సేస్’ అనే మాటను ఎస్-ఇ-జెడ్ అనీ, ‘వాజ్’ని డబ్ల్యు-యు-జెడ్ అనీ రాయడం. ‘సేస్’ని ప్రొఫెసర్ అయినా ‘సెజ్’ అనే పలుకుతాడు. చెవికి తేడా ఏమీ లేదు. కంటికి మాత్రం ఈ పాత్ర మొద్దు అని చెప్పినట్టు అవుతుంది. దీన్ని 1925లో క్రాప్ అనే అమెరికన్ భాషావేత్త ‘ఐ డయలెక్ట్’ అన్నాడు, అంటే కంటికి మాత్రమే కనిపించే యాస. మన సినిమాల్లో ఎన్నో ఏళ్ళు యాసంతా వాచ్‌మన్‌కీ కమెడియన్‌కీ ఇచ్చి హీరోకి మాత్రం పుస్తకం తెలుగు ఇచ్చినప్పుడు మనకెంత కోపం వచ్చిందో గుర్తుచేసుకోండి.

మరి పల్లె వాసన ఎలా వస్తుందంటే, వాక్యం నడకలో వస్తుంది. ‘ముందు తిన్నావా లేదా అది చెప్పు’ అంటాడు పెదనాన్న. దాన్ని ‘ఫస్ట్ టెల్ మీ, హ్యావ్ యూ ఈటెన్?’ అని రాశారనుకోండి. ఒక్క తప్పూ లేదు, ఒక్క వింత స్పెల్లింగూ లేదు, మనిషి మాత్రం గుమ్మంలో నిలబడి కనిపిస్తున్నాడు.

‘అయ్యో’, ‘ఛీ’, ‘ఒరేయ్’ అలాగే ఇంగ్లీషులో పెట్టొచ్చా?

పెట్టండి. ‘అయ్యో’ని ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 2016లో చేర్చుకుంది. మరుసటి ఏడాది చేర్చిన భారతీయ మాటల్లో ‘అన్నా’ కూడా ఉంది. అంతకు చాలాముందే మన పందికొక్కు ‘బాండికూట్’ వేషంలో ఇంగ్లీషులోకి దూరి స్థిరపడింది.

‘ఒరేయ్’కి మాత్రం సందర్భమే అర్థం చెప్పాలి. పక్కన కామా పెట్టి దాని ఇంగ్లీషు అర్థం అతికించొద్దు. అన్న తమ్ముణ్ణి పిలుస్తున్నాడని వాక్యంలో తెలిస్తే చాలు, చదివేవాడు రెండోసారికి అలవాటు పడతాడు. ‘కాఫీ గీఫీ’ లాంటివి ఒక పాత్రకు ఊతపదంగా ఒకటి రెండుసార్లు బాగుంటాయి. మామూలుగా అయితే ‘కాఫీ ఆర్ సమ్‌థింగ్’ సరిపోతుంది.

## ఆఫీసు, పరీక్ష

ఆఫీసు మెయిల్‌లో ‘లోల్’, ‘ఓఎమ్‌జీ’ పెడితే తప్పా?

ఈ రెండూ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి 2011లో వచ్చాయి. ఓఎమ్‌జీ అయితే సెల్‌ఫోన్ల కాలంది కూడా కాదు. 1917లో అడ్మిరల్ ఫిషర్ అనే బ్రిటిష్ నౌకాదళ పెద్దమనిషి చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. అయినా మీ మేనేజర్ చర్చిల్ కాదు. టీమ్ చాట్‌లో అందరూ వాడుతుంటే వాడండి. క్లయింటు మెయిల్‌లో ముందు ఆయన వాడాక మీరు వాడండి.

ఐఈఎల్‌టీఎస్‌లో ‘కైండా’, ‘గాటా’ రాస్తే మార్కులు పోతాయా?

వ్యాసం రాసే రెండో టాస్క్‌లో పోతాయి, అక్కడ వాటికి చోటు లేదు. జనరల్ ట్రైనింగ్ మొదటి టాస్క్‌లో స్నేహితుడికి ఉత్తరం అడిగితే ‘ఐయామ్’, ‘డోంట్’ లాంటి కుదింపులు హాయిగా రాయొచ్చు. ‘గొన్నా’ వరకు వెళ్ళక్కర్లేదు, దాంతో అదనంగా వచ్చేదేమీ లేదు.

‘ప్రీపోన్’, ‘పాస్డ్ అవుట్’ నాన్‌స్టాండర్డా?

‘ప్రీపోన్’ చక్కటి మాట, పెద్ద డిక్షనరీల్లోనూ ఉంది. దాని పని అంత సూటిగా చేసే ఒక్క మాట వేరే ఇంగ్లీషుల్లో దొరకడం కష్టం. మన దేశంలో ధైర్యంగా వాడండి, బయటివాళ్ళకు ‘మూవ్ ఇట్ అప్’ అని చెప్పండి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2015’ మాత్రం అమెరికా రెజ్యుమెలో రాయొద్దు. 2015లో స్పృహ తప్పి పడిపోయానని అర్థం.

## దిద్దుకునేటప్పుడు

‘ఎమ్’, ‘కాజ్’ ముందు పెట్టే అపాస్ట్రఫీ కంప్యూటర్‌లో తిరగబడుతోంది. ఏం చేయాలి?

‘దెమ్’లో మొదటి అక్షరాలు ఎగిరిపోయాయని చెప్పే గుర్తు అది, 9 అంకె ఆకారంలో ఉండాలి. మాట మొదట్లో కొట్టగానే వర్డ్ అది కోట్ అనుకుని 6 ఆకారం పెట్టేస్తుంది. వరసగా రెండుసార్లు కొట్టండి, రెండోది 9 లాగా వస్తుంది. మొదటిది చెరిపేయండి. చిన్న విషయమే గానీ, ఎడిటర్ కన్ను ముందు దీని మీదే పడుతుంది.

‘టిల్’కి అపాస్ట్రఫీ కావాలా? ‘ఆల్‌రైట్’ ఒక మాటా, రెండా?

‘టిల్’ దేన్నీ కుదించి పుట్టలేదు, ‘అన్‌టిల్’ కన్నా పాతది. రెండు ఎల్‌లతో, గుర్తేమీ లేకుండా రాయండి. ‘ఆల్ రైట్’ రెండు మాటలుగా రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు. కలిపి రాస్తే సంభాషణల్లో చెల్లుతుంది. ‘ఎ లాట్’ మాత్రం ఎప్పుడూ రెండు మాటలే.

మొత్తం ఏఐ టూల్‌లో వేసి దిద్దించుకుంటే సరిపోదా?

కామాలకు, స్పెల్లింగుకు బాగానే పనికొస్తుంది, నేనూ వాడతాను. కానీ ఎవరి నోటి మాటను వాళ్ళ నోట్లో ఉండనివ్వడం దానికి ఇంకా అంతగా అలవడలేదు. పోయిన వారం ఒక కథ అలా వేసి చూశాను. పాలు పొంగిపోయిన చోట బామ్మ ‘అయ్యో!’ని ‘ఓ నో!’ చేసింది. మనవడి ‘డన్నో’ని ‘ఐ డు నాట్ నో’ చేసింది, పదేళ్ళ పిల్లాడు ప్లీడరులా మాట్లాడాడు. పదిహేడు మార్పుల్లో ఆ రెండింటికీ ‘రిజెక్ట్’ నొక్కి, మిగతా పదిహేను ఒప్పుకున్నాను.